పట్టీలు పెంచితే బండి బలం పెరుగుతుందా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. నాలుగు నెలల క్రితం 2017 మోడల్ పికప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆర్‌సీలో ఖాళీ బరువు 1,700 కిలోలు, లోడుతో కలిపి 3,200 కిలోలు అని ఉంది. టమాటా క్రేట్లు 90 దాకా వేసుకుని తిరుపతికి, అప్పుడప్పుడు చెన్నైకి తోలుతున్నాను. క్రేటుకు 25 కిలోల కాయ పడుతుంది. తొట్టి చుట్టూ ఎత్తుగా ఇనుప జాలీ కట్టించాను. లోడు వేస్తే వెనక భాగం కిందికి దిగుతోందని రెండు వైపులా రెండేసి కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) అదనంగా వేయించాను. ఇప్పుడు బండి నిటారుగా నిలబడుతోంది. కానీ భాకరాపేట ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి పోతోంది. మెకానిక్ లైనర్లు మార్చాడు, అయినా అదే తీరు. మలుపుల్లో లోడు ఒక పక్కకు ఒరుగుతోంది కూడా. నాకున్నది ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్సు, అది సరిపోతుందా? బండి ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. ఈ మధ్య మా పక్క ఊళ్లో ఇంటి ముందు నిలిపిన పికప్‌ను ఎత్తుకుపోయారు, దానికీ ఏదైనా ఉపాయం చెప్పండి. — ఒక పాఠకుడు

సమాధానం: మీ లైనర్లలో తప్పు లేదు. మెకానిక్‌లోనూ లేదు. ఉత్తరంలోని అంకెలను ఒకసారి కాగితం మీద పెట్టి చూద్దాం. 3,200లో 1,700 తీసేస్తే మిగిలేది 1,500 కిలోలు. అదంతా టమాటాకే అనుకుంటే పొరపాటు. మీరు, క్లీనరు కలిసి 130 కిలోలు, తర్వాత కట్టించిన జాలీ తక్కువలో తక్కువ 80 కిలోలు ఉంటుందనుకుందాం. ఇక సరుకుకు మిగిలింది 1,290 కిలోలు. ఖాళీ ప్లాస్టిక్ క్రేటు కూడా ఇంచుమించు రెండు కిలోలు తూగుతుంది. అంటే నిండు క్రేటు 27 కిలోలు. లెక్క ప్రకారం మీ బండి మోయాల్సింది 47 క్రేట్లు. మీరు వేస్తున్నది 90.

90 క్రేట్లతో మీ బండి మొత్తం బరువు 4,340 కిలోలు. కంపెనీ 3,200కు తయారుచేసిన బండి మీద 1,140 కిలోల అదనపు భారం ఉంది. నా లెక్క మీద నమ్మకం లేకపోతే, ఈసారి లోడుతో వెళ్తూ దారిలో ఏదైనా కాటా మీదికి ఎక్కించండి. చీటీకి అయ్యే ఖర్చు స్వల్పం. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి విడిగా తూకం వేయమని అడిగితే ఇంకా మంచిది. వెనక ఇరుసు మీద పడుతున్న బరువు చూస్తే మీకే గుండె జారుతుంది.

ఇక పట్టీల సంగతి. రాయలసీమలోనే కాదు, ఎక్కడికి వెళ్లినా పికప్ కొన్న వెంటనే చేయించే మొదటి పని ఇదే. పట్టీ చేసే పని ఒక్కటే: బరువు పడ్డప్పుడు బండి కుంగకుండా ఆపడం. దానివల్ల ఇరుసు లావెక్కదు. చక్రాల బేరింగులు, రిమ్ములు, టైర్లు, ఛాసిస్, క్లచ్ ప్లేటు, బ్రేకు డ్రమ్ములు అన్నీ కంపెనీ నుంచి ఎలా వచ్చాయో అలాగే ఉంటాయి. బండి కుంగడం అనేది అది మీకు చేసే హెచ్చరిక. పట్టీ వేసి మీరు ఆ హెచ్చరిక నోరు నొక్కారు. జ్వరం తగ్గలేదని థర్మామీటరును పగలగొట్టినట్లే.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది మెకానిక్‌లు చెప్పనిది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) రాకముందు తయారైన పికప్‌లలో చాలావాటికి వెనక ఇరుసు దగ్గర, ఛాసిస్‌కు బిగించి ఒక చిన్న వాల్వు ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని కడ్డీ ఇరుసుకు కలుస్తుంది. లోడు పడి తొట్టి కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి, వెనక చక్రాలకు బ్రేకు ఒత్తిడిని పెంచుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలు బిగుసుకుని జారకుండా ఒత్తిడిని తగ్గిస్తుంది. మీరు పట్టీలు పెంచి తొట్టిని పైకి లేపారు. ఇప్పుడు 90 క్రేట్లు ఉన్నా ఆ వాల్వు బండి ఖాళీగానే ఉందనుకుంటుంది. వెనక బ్రేకులు సగం నిద్రలో ఉంటాయి, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. బండి కిందికి దూరి ఆ కడ్డీ ఉందో లేదో చూడండి. కొందరు దాన్ని విప్పేసి తీగతో పైకి కట్టేస్తారు కూడా. అలా ఉంటే వెంటనే సరిచేయించండి. నా సలహా అయితే అదనపు పట్టీలు తీయించేయడమే. తీయించిన తర్వాత పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించి, ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి. యూ బోల్టు వదులైతే పట్టీల మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తెగుతుంది, అది తెగితే ఇరుసు పక్కకు జరుగుతుంది. ముందు వెళ్లే బండి వంకరగా నడుస్తున్నట్లు మీరు ఎప్పుడైనా చూసే ఉంటారు. కారణం చాలాసార్లు అదే.

పెడల్ ఎందుకు మెత్తబడుతోందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. బ్రేకు వేయడమంటే బండి వేగాన్ని వేడిగా మార్చడం. బరువు మూడోవంతుకు పైగా పెరిగితే డ్రమ్ముల్లో, డిస్కుల్లో పుట్టే వేడీ అంతే పెరుగుతుంది. చదును రోడ్డు మీద ఆ వేడి గాలికి చల్లారుతుంది. ఘాట్‌లో ఒక మలుపు తర్వాత ఇంకో మలుపు వస్తుంటే చల్లారే తీరిక ఉండదు. వేడెక్కిన లైనర్లు పట్టు తప్పుతాయి. అంతకన్నా ప్రమాదం బ్రేకు ఆయిల్ మరగడం. ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక మాత్రం 155 డిగ్రీలకే మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది కాబట్టి పెడల్ నేరుగా లోపలికి పోతుంది, బ్రేకు మాత్రం పడదు. మీ బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత యజమానికే గుర్తుండకపోవచ్చు. మొత్తం తీసేసి, గాలి తీయించి, డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పోయించండి. రెండేళ్లకోసారి మార్చడం అలవాటు చేసుకోండి. ఇది పెద్ద ఖర్చు కాదు. ఈ పని చేసేదాకా భాకరాపేట వైపు లోడుతో వెళ్లకండి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వెళ్తున్న బస్సు లోయలో పడింది ఆ ఘాట్‌లోనే. ఆ దారి గురించి మీకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు.

దిగే పద్ధతి గురించి మాత్రం చెప్పాలి. వాలు మొదలయ్యాక గేరు తగ్గించడం కాదు, మొదలవ్వక ముందే తగ్గించాలి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దిగేటప్పుడూ అదే, ఇంకా ఒకటి తక్కువైనా తప్పులేదు. బండిని ఇంజినే పట్టి ఉంచాలి, బ్రేకు దానికి సాయం మాత్రమే. పెడల్ మీద పాదం ఆనించి కిలోమీటర్ల కొద్దీ రాపిడి పెట్టకూడదు. వేగం పెరిగినప్పుడు గట్టిగా నొక్కి తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ కొద్దిసేపే డ్రమ్ము ఊపిరి పీల్చుకుంటుంది. న్యూట్రల్‌లో దింపితే డీజిల్ ఆదా అని ఎవరైనా చెబితే నమ్మకండి. కామన్ రైల్ ఇంజిను గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ చిమ్మడమే ఆపేస్తుంది. న్యూట్రల్‌లోనే అది ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది. ఇక ఇంజినే ఆపేసి దింపేవాళ్లు బ్రేకు బూస్టర్‌ను, పవర్ స్టీరింగ్‌ను కూడా ఆపేసి దిగుతున్నట్లు. కాలిన వాసన వస్తే వెడల్పైన చోటు చూసి ఆపండి, అలాగే చల్లారనివ్వండి. డ్రమ్ముల మీద నీళ్లు పోయడం మన డ్రైవర్లకు అలవాటు. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద చల్లని నీళ్లు పడితే పగుళ్లు వస్తాయి. నిలిపినప్పుడు చక్రాల కింద రాళ్లు పెట్టండి, బయల్దేరేటప్పుడు వాటిని తీసి రోడ్డు పక్కన వేయండి. రాత్రి వేళ ఆ రాయి మీదికి ఎక్కిన బైకు మనిషి గురించి ఎవరూ రాయరు.

47 క్రేట్లతో చెన్నై బాడుగ గిట్టదని మీరు అంటారని తెలుసు. నిజమే, గిట్టదు. ఆ బాడుగ మీ బండిది కాదు, పెద్ద బండిది. మీ పికప్ నాలుగు తోటలు తిరిగి యార్డుకు చేర్చడానికీ, తిరుపతి లాంటి దగ్గరి దూరాలకూ పనికొస్తుంది. దూరపు సరుకును ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పెద్ద వాహనంలో పంపితే క్రేటుకు పడే ఖర్చు తక్కువే అవుతుంది. ఇప్పుడు మీకు మిగులుతోందనుకుంటున్న డబ్బులోంచి క్లచ్ ప్లేటు, టైర్లు, బేరింగులు, పట్టీల ఖర్చు తీసి చూడండి. దానికి తోడు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా, సరుకు దించడానికి అయ్యే ఖర్చు మీదే. తొట్టి దాటి పక్కలకు, వెనక్కు, లేదా అనుమతించిన ఎత్తుకు మించి సరుకు వేసినా జరిమానా 20,000. రోజూ పట్టుకోవడం లేదు కదా అంటారేమో. ప్రమాదం జరిగిన రోజు మాత్రం బీమా సర్వేయరు మొదట అడిగేది తూకం చీటీనే.

లోడు ఒరగడానికి సగం కారణం ఎత్తు, సగం కట్టే తీరు. క్రేట్లు ఒకదాని పెదవి మీద ఇంకోటి కూర్చునేలా పేర్చాలి. క్యాబిన్ వెనక గోడకు ఆనించి మొదలుపెట్టి, మధ్యలో సందు లేకుండా వెనక్కి రావాలి. బరువు వెనక ఇరుసుకు కాస్త ముందుగా పడాలి తప్ప వెనక డాలా దగ్గర కుప్ప పడకూడదు, పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు.  సడన్ బ్రేకు వేస్తే సరుకు ముందుకు ఎంత బలంగా తోస్తుందో అమెరికా రవాణా నిబంధనల్లో ఒక లెక్క ఉంది: సరుకు బరువులో 0.8 వంతు ముందుకు, పక్కలకు సగం. కట్టే తాళ్లు అంత తోపును ఆపేలా ఉండాలన్నది వాళ్ల నియమం. మన దగ్గర ఆ లెక్క ఎవరూ అడగరు, కానీ బరువు తోసే తీరు ఏ దేశంలోనైనా ఒకటే. 1,290 కిలోల సరుకు మీ వీపు వెనక టన్నుకు పైగా తోస్తుందని గుర్తుంచుకుంటే, ఒకే తాడు అడ్డంగా వేసి వదిలేయబుద్ధి కాదు.

ఎండలో నెలల తరబడి ఉన్న పసుపు ప్లాస్టిక్ తాడు చూడటానికి బాగానే ఉంటుంది, చేత్తో నలిపితే పొడి రాలుతుంది. అది పనికిరాదు. నైలాన్ మోకు తడిస్తే సాగుతుంది, అందుకని వాన కురిశాక ఆపి మళ్లీ బిగించాలి. పిడి ఆడించి బిగించే రాచెట్ బెల్టులు నాలుగు కొనుక్కోండి. తాడు కన్నా ఖరీదే, కానీ క్లీనరు బలం మీద ఆధారపడక్కర్లేదు. బెల్టును తొట్టి కింది కొక్కేలకే తగిలించాలి, చేతికి అందిందని సైలెన్సర్ గొట్టానికో, బ్రేకు పైపుకో కట్టేవాళ్లను చూశాను. అంచుల దగ్గర మడతపెట్టిన గోనెసంచి వేస్తే బెల్టు కోసుకుపోదు. రెండు బెల్టులు అడ్డంగా, రెండు వెనక నుంచి ముందుకు ఎక్స్ ఆకారంలో వేయండి. మొదటి పది పదిహేను కిలోమీటర్ల తర్వాత ఆపి మళ్లీ బిగించడం తప్పనిసరి, ఎందుకంటే అప్పటికి క్రేట్లు సర్దుకుని కట్టు వదులవుతుంది. టార్పాలిన్ గట్టిగా కప్పి నాలుగు వైపులా మూసేస్తే టమాటా ఉడికిపోతుంది. పైన కప్పి, పక్కల గాలి ఆడేలా వదలండి, వాన పడితేనే కిందికి దింపండి.

కాయలు దించి వచ్చేటప్పుడు ఎరువుల బస్తాలు వేసుకొస్తున్నట్లయితే ఒక జాగ్రత్త. చిరిగిన సంచిలోంచి కారిన ఎరువు తొట్టి రేకును, ఛాసిస్‌ను తినేస్తుంది. టమాటా రసమూ అంతే, పులుపు కదా. ఆ ట్రిప్పు తర్వాత తొట్టి లోపలా, కిందా నీళ్లతో కడిగించండి. మిగిలిన నిర్వహణ మీకు తెలియనిది కాదు. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, ఫ్యాన్ బెల్టు పొద్దున్నే చూసుకోవడం, కాగిన రేడియేటర్ మూత విప్పకపోవడం, కమాన్ పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు గ్రీజు కొట్టించడం. డీజిల్ ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే మర ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. నీళ్లు ఇంజెక్టర్లదాకా వెళ్తే వచ్చే బిల్లు చూశాక అందరూ ముట్టుకుంటారు. తోటల మట్టిదారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసిన దూరానికన్నా ముందే మార్చాల్సి వస్తుంది. కంప్రెసర్ గాలి దగ్గర నుంచి కొట్టి శుభ్రం చేస్తే కాగితం చిరిగి, దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. మీది 2017 బండి కాబట్టి బీఎస్6 వాహనాల్లో పొగను శుద్ధి చేయడానికి పోసే డీఈఎఫ్ ద్రవం గొడవ లేదు, ఆ మేరకు అదృష్టవంతులు.

టైర్ల పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గుబ్బలు ఎంత బాగున్నా, రబ్బరు పాతబడి పక్కల పగుళ్లు ఉంటే లోడు బండికి వాడకూడదు. గాలి ఎంత పెట్టాలో తలుపు దగ్గరి స్టిక్కరు మీద లోడుకు, ఖాళీకి వేర్వేరుగా రాసి ఉంటుంది. అది చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాల్సిన లెక్క. దారిలో టైరు వేడెక్కి గాలి పెరిగిందని వదిలేస్తే, చల్లారాక తక్కువై టైరు నలిగిపోతుంది. స్టెప్నీలో గాలి చూసుకోవడం మరవకండి. చక్రం మార్చిన తర్వాత కొంత దూరం వెళ్లాక నట్లు మళ్లీ బిగించాలి.

కాగితాల దగ్గరికి వస్తే, లైసెన్సు గురించి దిగులు వద్దు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చి చెప్పింది. పర్మిట్ మాత్రం కావాలి. 3,000 కిలోలు మించని సరుకు వాహనాలకే మినహాయింపు, మీ బండి దాన్ని దాటింది. తమిళనాడులోకి వెళ్లాలంటే నేషనల్ పర్మిట్ లేదా తాత్కాలిక పర్మిట్ ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించుకోవాలి, ఆ తేదీ ఒకసారి చూసుకోండి. కాయలతో పాటు కూలీలను, చుట్టాలను తొట్టిలో ఎక్కించకండి. సరుకు యజమానికి లేదా ఆయన పంపిన మనిషికి బీమా వర్తిస్తుంది, ఊరికే ఎక్కిన వారికి వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది పేరు మార్పిడి. నాలుగు నెలలు ఆలస్యమైంది. ఈలోగా ఏ ప్రమాదం జరిగినా చట్టం దృష్టిలో ఆర్‌సీలో పేరున్నవారే యజమాని, పరిహారం బాధ్యత ఆయన మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మాట చెబితే సంతకాలకు ఆయనే పరుగెత్తుకు వస్తారు. మీ నష్టం వేరే రకం. బండి మారిన 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలిపి పాలసీని మీ పేరు మీదికి మార్చుకోవాలి. మూడో వ్యక్తులకు ఇచ్చే బీమా దానంతటదే కొనసాగినా, మీ బండికి జరిగిన నష్టం, దొంగతనం మీకు రావు. ఫారం 29, 30 నింపి, ఫైనాన్స్ ఉంటే అది తీరినట్లు ఫారం 35 తీసుకుని వెంటనే పూర్తిచేయండి.

దొంగల సంగతి అంటే, ఎంత తాళం వేసినా తీసేవాడు తీస్తాడు. మనం చేయగలిగింది వాడికి ఎక్కువ సమయం పట్టేలా చేయడమే. గేరు లాకు వేయించండి. బ్యాటరీకి కటాఫ్ స్విచ్ పెట్టి, దాన్ని బయటికి కనిపించని చోట దాచండి. ఈ పని రోడ్డు పక్కన వైర్లు కోసి అతికించేవారితో కాకుండా ఆటో ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. సిమ్‌తో పనిచేసే జీపీఎస్ పరికరం డ్యాష్‌బోర్డు కింద కాకుండా మరోచోట దాస్తే, బండి కదిలిన వెంటనే ఫోనుకు కబురొస్తుంది. రాత్రి ముందు భాగం గోడకేసి నిలిపితే వెనక్కు తీసే చప్పుడుకైనా ఎవరో లేస్తారు. స్టెప్నీకి గొలుసు, డీజిల్ ట్యాంకు మూతకు తాళం, బ్యాటరీకి ఇనుప పట్టీ చిన్న ఖర్చులే.

ఒకవేళ బండి పోతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు, అదే రోజు బీమా కంపెనీకి సమాచారం ఇవ్వాలి. కంపెనీవారు బండికి చెందిన రెండు తాళంచెవులూ ఇమ్మంటారు. ఒకటే ఉంటే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. పేరు మార్పిడి సంతకాలకు వెళ్లినప్పుడే రెండో తాళంచెవి పాత యజమాని దగ్గర అడిగి తీసుకోండి. పోయిందని అంటే ఆ మాట రాయించుకుని, తాళాల సెట్టు మార్పించి, బిల్లు పాలసీ కాగితాలతో పాటు దాచండి.